బెల్లం కనిపించడం లేదు – విజయవాడ, సత్యనారాయణపురం (సలహా చెప్పండి, అర్జెంట్)

పోపులపెట్టె | దీపావళి రాత్రి, 11:50
మా పిల్లి బెల్లం సాయంత్రం దీపాలు పెట్టినప్పటి నుంచి కనిపించడం లేదు. మాది మూడంతస్తుల అపార్ట్‌మెంట్, మేముండేది మొదటి అంతస్తు. మగపిల్లి, బెల్లం రంగు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయింది, ఇంతవరకు గడప దాటి ఎరగడు. బాల్కనీలో ప్రమిదలు పెడుతూ అందరం లోపలికీ బయటికీ తిరుగుతుంటే కింద ఎవరో పదివేల వాలా అంటించారు. వీడు ఒక్క ఉదుటున గోడెక్కి, పక్కింటి సన్‌షేడ్ మీదికి దూకాడు. అక్కణ్నుంచి ఎటు పోయాడో ఎవరం చూడలేదు.

మా ఆయన, మరిది బళ్లేసుకుని బీఆర్‌టీఎస్ రోడ్డు చివరిదాకా వెళ్లొచ్చారు. నేను వీధి పొడుగునా "బెల్లం, బెల్లం" అని అరుస్తుంటే ఒకావిడ కిటికీ తీసి, "ఇంత రాత్రప్పుడు బెల్లం ఏంటమ్మా, కిలో ఎంత?" అంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. లక్ష్మీ బాంబులు ఇంకా మోగుతూనే ఉన్నాయి. ఏం చేయమంటారు?

కొబ్బరాకు | 11:58
అయ్యో. టెన్షన్ పడకండి అక్కా. ఫొటో పెట్టండి.

అరుగుమీద_తాతయ్య | రాత్రి 12:10
అమ్మా, పిల్లి ఎక్కడికీ పోదు. మా తెనాలిలో పెంకుటింట్లో పిల్లులుండేవి. వారం కనపడకపోయినా ఎవరూ వెతికేవాళ్లు కాదు. ఆకలేస్తే అదే వచ్చేది. తలుపు ఓరగా వేసి పడుకోండి.

మూడు_పిల్లులిల్లు | 12:25
తాతయ్యగారూ, మీ పెంకుటింటి పిల్లికి ఊళ్లో ప్రతి గోడా తెలుసు. వీధి మొహం చూడని పిల్లి సంగతి వేరు. దానికి తిరిగొచ్చే దారే తెలియదు. భయపడ్డ చోటు నుంచి కాస్త దూరం పరుగెత్తి, దొరికిన మొదటి చీకటి సందులో దూరి కూర్చుంటుంది. మనం పిలిచినా పలకదు. అలిగి కాదు, చప్పుడు చేస్తే చోటు బయటపడుతుందని దాని భయం.

పోపులపెట్టె గారూ, మీ వాళ్లను బళ్లు ఆపి వెనక్కి రమ్మనండి. మైలు దూరంలో వెతికే పని కాదిది. నాలుగు ఇళ్ల అవతలికి పోయి ఉండదనే నా నమ్మకం. 2018లో ఆస్ట్రేలియా పరిశోధకులు తప్పిపోయిన పిల్లుల మీద 'యానిమల్స్' అనే పత్రికలో ఒక అధ్యయనం వేశారు. వెయ్యికి పైగా పిల్లుల వివరాలు చూస్తే, దొరికినవాటిలో నాలుగింట మూడు వంతులు పోయిన చోటికి అర కిలోమీటరు లోపే ఉన్నాయి. బయట తిరిగే అలవాటు లేనివి ఇంకా దగ్గర. మొదటి వారంలోపు ప్రాణాలతో ఇల్లు చేరినవి మూడో వంతు. కాబట్టి వాటంతటవే వస్తాయని కూర్చోవడం మంచిది కాదు.

ఇప్పుడు చేయాల్సింది ఇదీ. టపాకాయలు ఆగేదాకా ఆగండి. రెండున్నర, మూడు గంటలకు వీధి సద్దుమణుగుతుంది, కుక్కలు కూడా పడుకుంటాయి. అప్పుడు టార్చ్ పట్టుకుని ఒక్కరే వెళ్లండి, గుంపుగా వద్దు. టార్చ్‌ను కళ్ల పక్కన, కణత దగ్గర పట్టుకుని చూడండి. నడుం దగ్గర పట్టుకుంటే పని చేయదు. పిల్లి కంటి వెనక ఉండే పొర వెలుతురును వచ్చిన దారినే తిప్పి పంపిస్తుంది, మీ కళ్లు కూడా ఆ దారిలోనే ఉంటే రెండు పచ్చటి చుక్కలు కనిపిస్తాయి. కార్ల కింద, మెట్ల కింద, మోటారు గదిలో, మీటర్ల పెట్టె వెనక, బాత్‌రూముల డక్ట్ అడుగున, సంపు పక్కన, పాత సామాన్ల వెనక చూడండి. తల పైకెత్తి సజ్జలూ పిట్టగోడలూ కూడా చూడండి. కింద కుక్కలుంటే పిల్లి నేల మీద ఉండదు.

గన్నవరం_వెటర్నరీ | 12:41
పైన చెప్పింది కరెక్ట్. నేను గన్నవరం పశువైద్య కళాశాలలో చదువుతున్నాను. ఒక్క మాట కలుపుతా. మనకు వినిపించేది 20 వేల హెర్ట్జ్ దాకానే, పిల్లికి 60 వేలకు పైగా వినిపిస్తుంది. లక్ష్మీ బాంబు మన చెవిలో గింగురుమంటే దానికెలా ఉంటుందో ఊహించుకోండి. భయంలో ఉన్న పిల్లి సొంత మనిషిని కూడా గుర్తుపట్టనట్టు ప్రవర్తిస్తుంది. కనిపించినా మీద పడి పట్టుకోకండి, వెంటపడకండి. నేల మీద కూర్చుని, రోజూ మాట్లాడే గొంతుతోనే మాట్లాడండి. గీరినా కరిచినా వెంటనే సబ్బు పెట్టి పారే నీళ్ల కింద పావుగంట కడిగి, అదే రోజు రేబిస్ టీకా మొదలుపెట్టించండి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితమే.

ఊరికే_వచ్చా | 12:50
నాటు పిల్లి కోసం ఇంత హడావిడా? పెర్షియన్ అంటే అర్థం చేసుకోవచ్చు. రోడ్డు మీద కావలసినన్ని ఉన్నాయి, ఇంకోటి తెచ్చుకోండి.

అరుగుమీద_తాతయ్య | 12:54
నాయనా, రేపు నీ బండి పోతే "రోడ్డు మీద కావలసినన్ని ఉన్నాయి, ఇంకోటి తీసుకో" అంటే ఊరుకుంటావా? పడుకో పో.

పోపులపెట్టె | మర్నాడు, ఉదయం 6:15
రాత్రి మూడింటికి దిగాను. మా పార్కింగ్, మోటారు గది, రెండు పక్కల సందులు చూశాను. రెండు జతల కళ్లు మెరిశాయి, రెండూ వీధి పిల్లులే. వాచ్‌మన్‌తో సీసీ కెమెరా తీయించాను. గేటు దగ్గర వీడు ఎక్కడా లేడు. కానీ కెమెరా ముందువైపే ఉంది, వెనక కాంపౌండ్ గోడ వైపు లేదు.

మూడు_పిల్లులిల్లు | 6:40
ముందు నుంచి పోలేదని తేలింది, అది మంచి కబురే. వెనక ఏముంది?

పోపులపెట్టె | 6:48
పాత ఇండిపెండెంట్ ఇల్లు. ఒక పెద్దావిడ ఒక్కరే ఉంటారు. పెరడు, నుయ్యి, కట్టెల కొట్టం ఉన్నాయి. "పిల్లి వచ్చిందేమో చూడండి పిన్నిగారూ" అని గోడ మీంచి అడిగాను. "మా పెరట్లోకి పిల్లులు రావమ్మా" అన్నారు. అదీకాక పొద్దున్నే పిల్లి ఎదురైతే ఆవిడకు పట్టింపు.

రైలుకట్ట | 7:05
నేనూ మీ ఏరియానే, పాత రైలు కట్ట దగ్గర. సాయంత్రం బండి మీద వస్తాను, పోస్టర్లు అంటిద్దాం. పోస్టర్ కంటే ముందు మీ వీధి ఇస్త్రీ బండి ఆయనకు చెప్పండి. ఎవరింట్లో ఎవరున్నారో, ఎవరు తాళం వేసి ఊరెళ్లారో ఆయనకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. నిన్న సాయంత్రం తలుపు తీసి, రాత్రికి తాళం వేసుకుని వెళ్లిపోయిన ఇళ్లు కనుక్కోండి. పిల్లి లోపల ఇరుక్కుపోయే ప్రమాదం ఉంది.

ఇంకోటి. కార్తీకం మొదలైంది కదా, తెల్లవారుజామున కృష్ణ స్నానానికి వెళ్లే ఆడవాళ్లు, పాలవాళ్లు, పేపరు కుర్రాళ్లు, మున్సిపాలిటీలో ఊడ్చేవాళ్లు, వీళ్లంతా పిల్లులు తిరిగే వేళకే రోడ్డు మీద ఉంటారు. వాళ్లకు ఫొటో చూపించండి. తొమ్మిదింటికి లేచేవాళ్లకు చూపించి లాభం లేదు.

కొబ్బరాకు | 7:30
అక్కా, అది దొడ్డికెళ్లే మట్టి ట్రే బయట పెట్టండి. అమలాపురంలో మా పిల్లి ఆ వాసనకే తిరిగొచ్చింది.

మూడు_పిల్లులిల్లు | 7:44
ఇది అందరూ చెప్పే చిట్కానే, నాకు నచ్చదు. ఆ వాసనకు మీ పిల్లి కంటే ముందు వీధిలోని మగపిల్లులు వస్తాయి, వచ్చి కాపలా కాస్తాయి. అవి ఉంటే భయపడ్డది అసలే రాదు. దానికి బదులు అది పడుకునే దుప్పటో మీ తలగడ గలేబో పెట్టండి.

కొబ్బరాకు | 7:47
మా పిల్లి వచ్చిందండీ మరి.

మూడు_పిల్లులిల్లు | 7:49
ట్రే లేకపోయినా వచ్చేదేమో!

చలిదేశం | 8:20
ఇంగ్లండ్ నుంచి. మైక్రోచిప్ ఉందా అండీ? ఇక్కడ 2024 జూన్ 10 నుంచి ఇంట్లో పెంచే పిల్లులకు 20 వారాల వయసు నిండేలోపు చిప్ తప్పనిసరి చేశారు. చిప్ ఉంటే ఎక్కడుందో తెలిసిపోతుంది కదా.

గన్నవరం_వెటర్నరీ | 8:35
తెలియదండీ, చిప్ జీపీఎస్ కాదు. బియ్యపు గింజంత ఉంటుంది, అందులో బ్యాటరీ ఉండదు, 15 అంకెల నంబరు ఒక్కటే ఉంటుంది. ఎవరైనా పిల్లిని పట్టుకుని స్కానర్ ఉన్న ఆసుపత్రికి తెస్తేనే ఆ నంబరు బయటికొస్తుంది. ఆ నంబరు ఎవరి పేరున ఉందో రికార్డు కూడా ఉండాలి. ఉంటే మంచిదే, కానీ ఇప్పుడు పనికొచ్చేది టార్చి.

పోపులపెట్టె | 8:50
చిప్ లేదు. పోస్టర్‌లో ఏం రాయాలి?

రైలుకట్ట | 9:10
ఫొటో పెద్దది, అక్షరాలు తక్కువ. నడిచివెళ్లేవాడు ఆగకుండా చదివేలా ఉండాలి. "పట్టుకోకండి, ఫోన్ చేయండి" అని తప్పకుండా రాయండి, లేకపోతే పిల్లలు తరుముతారు. పాల బూత్, టిఫిన్ బండి, మందుల షాపు, గుడి దగ్గర చెప్పుల స్టాండు చాలు. బహుమతి ఎంతో రాయొద్దు. దాని ఒంటి మీద గుర్తు ఒకటి మాత్రం రాయకుండా దాచుకోండి.

ఊరికే_వచ్చా | 9:20
ఎందుకు దాచడం?

రైలుకట్ట | 9:22
తెలుస్తుంది ఆగు.

పోపులపెట్టె | ఆ రోజు రాత్రి, 9:30
రైలుకట్ట గారు ఎందుకన్నారో తెలిసింది. పోస్టర్లు అంటించిన గంటకే ఒకతను ఫోన్ చేశాడు. "మీ పిల్లి నా దగ్గరుంది, కాలికి దెబ్బ తగిలింది, హాస్పిటల్లో ఉన్నాను, వెంటనే మూడు వేలు పంపండి" అన్నాడు, క్యూఆర్ కోడ్ కూడా పంపాడు. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. మా ఆయన ఫోన్ తీసుకుని "వెనక కుడికాలి పాదం అడుగున ఏముందో చెప్పండి" అని అడిగాడు. అక్కడ గులాబీ రంగు మెత్తల మధ్య ఒక్క నల్లమచ్చ ఉంటుంది, పోస్టర్‌లో రాయలేదు. అతను "కట్టు కట్టారండీ, కనపడదు" అన్నాడు. ఫొటో పంపమంటే మా పోస్టర్ ఫొటోనే కుడిఎడమలు తిప్పి పంపాడు. వీడి ఎడమ బుగ్గ మీద ఉండే చార కుడి బుగ్గ మీదికి వచ్చింది!

మోడరేటర్ | 9:45
ఇలాంటి ఫోన్లు వస్తే డబ్బు పంపకండి, వీడియో కాల్‌లో పిల్లిని చూపించమనండి. మోసపోతే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930. ఈ చర్చలో కొందరు ఇచ్చిన ఫోన్ నంబర్లు తీసేశాం, విడిగా మెసేజ్ చేసుకోండి.

మూడు_పిల్లులిల్లు | 10:05
పోపులపెట్టె గారూ, మీ ఇంట్లో పాత ఫోన్ ఉందా? అందులో కెమెరా యాప్ ఏదైనా వేసి, చార్జర్ పెట్టి, వెనక కిటికీలోంచి కాంపౌండ్ గోడ కనిపించేలా రాత్రంతా ఉంచండి. గోడ దగ్గర ఒక గిన్నెలో తిండి, ఒక గిన్నెలో నీళ్లు, కొద్దిగానే పెట్టండి. అక్కడ బల్బు ఉంటే వేసి ఉంచండి, పాత ఫోన్లు చీకట్లో చూడలేవు.

పోపులపెట్టె | తర్వాతి రోజు, ఉదయం 5:40
ఉన్నాడు!!! 3:20కి పెద్దావిడ పెరటి వైపు నుంచి గోడ మీదికి వచ్చాడు. చాలాసేపు కదలకుండా కూర్చుని, దిగి, తిని, మళ్లీ గోడెక్కి అటే వెళ్లిపోయాడు. తోక చివర వంకర చూసి గుర్తుపట్టాను. వాడే!

కొబ్బరాకు | 5:44
అక్కాాా 😭😭

గన్నవరం_వెటర్నరీ | 6:00
గుడ్. వెంటనే పరుగెత్తకండి. వాడికి అక్కడొక చోటు కుదిరింది, దాన్ని చెడగొడితే ఇంకో చోటికి మారతాడు. ఆ చోటేదో ముందు తెలుసుకోవాలి.

మూడు_పిల్లులిల్లు | 6:10
ఇక్కడే చాలామంది ఒక మాట తేడాగా అడుగుతారు. "పిల్లి కనిపిస్తే చెప్పండి" అంటే ఎవరైనా సరే అంటారు, కానీ కట్టెల వెనక వంగి చూసేవాళ్లుండరు. "మేమే ఒకసారి చూసుకుంటాం, మీరు దగ్గర ఉండండి" అని అడగాలి. ఆవిడ మనసు చూసుకుని అడగండి.

అరుగుమీద_తాతయ్య | 6:30
అమ్మా, ఒక్కదానివి వెళ్లకు. మీ అత్తగారుంటే ఆవిడని ముందు పెట్టు. పొద్దున పూజ వేళ కాకుండా మధ్యాహ్నం భోజనాలయ్యాక వెళ్లండి. పిల్లి సంగతి మొదట ఎత్తొద్దు. ఆవిడ ఒంట్లో ఎలా ఉందో, పిల్లలు ఎక్కడున్నారో అడగండి. మాట దానంతటదే పిల్లి మీదికి వస్తుంది. ఇవన్నీ మీ పరిశోధనల్లో రాయరు.

పోపులపెట్టె | సాయంత్రం 4:50
తాతయ్యగారూ, మీరన్నట్టే మా అత్తయ్యతో వెళ్లాను. ఇద్దరూ కలిసి ఎవరో దూరపు చుట్టాన్ని పట్టుకుని గంట మాట్లాడుకున్నారు. ఆవిడే చివరికి "అసలెందుకొచ్చారో చెప్పండి" అన్నారు.

కట్టెల కొట్టంలో పాత ద్వారబంధాలు, కొబ్బరి డొక్కలు, నీళ్లు కాచే రాగి కాగు ఉన్నాయి. టార్చ్ కణత దగ్గర పెట్టి చూశాను. కాగు వెనక రెండు పచ్చటి చుక్కలు. నేల మీద కూర్చుని పేరు పెట్టి పిలిస్తే గుర్రుమన్నాడు. నా మీద! రాత్రిళ్లు నా కాళ్ల మీద పడుకునేవాడు. గన్నవరం గారు ముందే చెప్పి ఉండకపోతే అక్కడే ఏడ్చేదాన్ని. వెనక్కి వచ్చేశాం.

రైలుకట్ట | 5:05
బోను కావాలి. ఎలుకల బోను కాదు, తొక్కితే తలుపు పడే పొడవాటి బోను. వీధి జంతువులను చూసుకునే గ్రూపువాళ్ల దగ్గర ఉంది, రాత్రికి నేను తెస్తా. అడుగున పేపరు పరవండి, పైన పాత దుప్పటి కప్పండి, తిండి పూర్తిగా చివర పెట్టండి. వాసన గట్టిగా ఉండాలి. వేయించిన నెత్తళ్లకు మించింది లేదు.

పోపులపెట్టె | 5:20
అక్కడే వచ్చింది చిక్కు. పిన్నిగారిది మడి ఇల్లు, అందులో కార్తీక మాసం. బోను పెట్టుకోమన్నారు కానీ "చేపలూ గీపలూ మా గడప లోపలికి రాకూడదు" అన్నారు. వాడి రోజూ తిండిలో కూడా చేప ఉంది.

ఊరికే_వచ్చా | 5:24
బిస్కెట్లని చెప్పి పెట్టేయండి. ఆవిడకేం తెలుస్తుంది?

అరుగుమీద_తాతయ్య | 5:26
తెలియకపోవచ్చు. ఆవిడ తన ఇంట్లోకి రానిచ్చింది కదా. అబద్ధం చెప్పి పెట్టకండి.

మూడు_పిల్లులిల్లు | 5:30
అయితే బోను గోడకు మీ వైపు పెట్టండి. తినడానికి ఎలాగూ అటే వస్తున్నాడు. చోటు మారినందుకు ఒక రాత్రి ఎక్కువ పట్టొచ్చు.

గన్నవరం_వెటర్నరీ | 5:38
కొట్టం దగ్గరే అయితే త్వరగా పడతాడు. శాకాహారంలో వెన్న, మీగడ పని చేయొచ్చు. గిన్నెడు పాలు మాత్రం వద్దు. పెద్ద పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు, అసలే నీరసంగా ఉన్నవాడికి విరేచనాలు పట్టుకుంటాయి.

పోపులపెట్టె | 7:15
పిన్నిగారే ఉపాయం చెప్పారు! నాగుల చవితికని వెన్న కాస్తున్నారట. నెయ్యి వంపేశాక అడుగున మిగిలే గసి గిన్నెతో సహా ఇచ్చారు. "మా పుట్టింట్లో పిల్లి దీనికోసం పొయ్యి చుట్టూ తిరిగేది, ఇది పెట్టి చూడు" అన్నారు. పిల్లులంటే గిట్టదనుకున్న ఆవిడ!

గన్నవరం_వెటర్నరీ | 7:22
😄 పుస్తకంలో లేదు కానీ వాసనకు తిరుగులేదు. చెంచాడు చాలు. తలుపు పడగానే పైనుంచి దుప్పటి పూర్తిగా కప్పేయండి, చీకటైతే కొట్టుకోవడం తగ్గుతుంది. దారిలో ఎక్కడా తెరవొద్దు. ఇంట్లో ఒక గదిలో కిటికీలన్నీ వేసి, తలుపు గడియ పెట్టాకే తెరవండి. బోను పెట్టి నిద్రపోకండి, అందులో పడ్డ పిల్లిని ఒంటరిగా వదలకూడదు.

పోపులపెట్టె | నాగుల చవితి, తెల్లవారుజాము 4:35
మొదటి రాత్రి రాలేదు, ఈ రాత్రి పడ్డాడు. ఇంట్లో ఉన్నాం. తర్వాత రాస్తాను.

కొబ్బరాకు | 4:36
నేను నిద్రపోలేదు!!! అక్కా!!!

రైలుకట్ట | 4:50
హమ్మయ్య.

చలిదేశం | 5:10
ఇక్కడ రాత్రి పదకొండున్నర దాటింది, మా ఆవిడ కూడా ఫోన్ పట్టుకుని కూర్చుంది. శుభం.

పోపులపెట్టె | ఉదయం 9:00
పిన్నిగారూ నేనూ వంటింటి కిటికీ దగ్గర లైటు ఆర్పి కూర్చున్నాం. పుట్టలో పాలు పోయడానికి ఆవిడ ఎలాగూ పెందరాళే లేస్తారట, "ఇంకాస్త ముందు లేచాననుకుంటా" అన్నారు. నాలుగు కావస్తుండగా టక్కుమని తలుపు పడింది. దుప్పటి కప్పి, ఆవిడ టార్చ్ పడితే నేను మోసుకొచ్చాను. మా పడకగదిలో తెరిస్తే మంచం కిందికి పోయి గంట రాలేదు. తర్వాత వచ్చి నా చీర కుచ్చిళ్లు వాసన చూసి, తిండి దగ్గరికి నడిచాడు. పాదం అడుగున నల్లమచ్చ కూడా చూశాను, ఎందుకైనా మంచిదని. బాగా చిక్కాడు, చెవి మీద గీరుడు ఉంది.

గన్నవరం_వెటర్నరీ | 9:15
ఒకేసారి కడుపు నిండా పెట్టకండి. రెండు మూడు గంటలకోసారి కొంచెం కొంచెం, తడి ఆహారమైతే మేలు. మూత్రం పోస్తున్నాడో లేదో గమనించండి, మగపిల్లికి అది ఆగితే ప్రాణాపాయం. రోజంతా ఏమీ తినకపోతే ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి. పస్తున్న పిల్లికి, అందులోనూ అంతకుముందు బొద్దుగా ఉన్నదానికి, కాలేయంలో కొవ్వు పేరుకునే జబ్బు వస్తుంది. చెవి గాయానికి ఇంట్లో ఉన్న మాత్రలేవీ వద్దు, పారాసిటమాల్ అస్సలు వద్దు, అది పిల్లికి విషం. వీధి పిల్లి గీరిందో కరిచిందో తెలియదు కాబట్టి ఈ రోజే డాక్టరుకు చూపించి, రేబిస్ టీకా సంగతి అడగండి. చిప్ కూడా అప్పుడే వేయించవచ్చు.

మూడు_పిల్లులిల్లు | 9:30
బాల్కనీకి పావురాల వల ఉంటే సరిపోతుందనుకోకండి, నైలాన్ వలను పళ్లతో కొరికేస్తాయి. సన్నటి కంతల ఇనుప జాలీ వేయించండి. వచ్చే దీపావళికి సాయంత్రం నుంచే కిటికీల్లేని గదిలో పెట్టి తలుపు వేయండి. పోస్టర్లు మీరే తీసేయండి, లేకపోతే ఇంకో నెల ఫోన్లు వస్తూనే ఉంటాయి.

ఊరికే_వచ్చా | 9:41
దొరికినందుకు సంతోషం. ఫొటో పెట్టండి మరి.

అరుగుమీద_తాతయ్య | 9:50
అమ్మా, చవితి పూట మంచి కబురు చెప్పావు. ఆ పెద్దావిడకు మీ ఇంటి నుంచి ఏమిచ్చారు?

పోపులపెట్టె | 10:20
చలిమిడి పట్టుకెళ్లాను తాతయ్యగారూ. "పిల్లి ఏదీ, తేలేదే?" అని అడిగారు.

అతిథి_పటమట | 11:05
అందరికీ నమస్కారం. మొత్తం చదివాను. మా పటమటలో దీపావళి రాత్రి నుంచి మా తెల్లపిల్లి కనపడటం లేదు, ఆడపిల్లి, ఆపరేషన్ కాలేదు. ఆ బోను ఇప్పుడు ఖాళీగా ఉందా?

రైలుకట్ట | 11:08
నా దగ్గరే ఉంది. కడిగి ఆరబెట్టాను, సాయంత్రం తెస్తాను. మీ ఇంటి వెనక వైపు ఏముందో ముందు చెప్పండి.